బావ ముందు కుర్చీ

జూలై 3, గురువారం

వదిన ఇవాళ కూడా కక్కింది. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, నిలబడి, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండిని అందులోనే నడపాలి. కళ్ల ముందు గోడౌన్ కదిలిపోతుంటుంది, కాళ్లు మాత్రం మొయినాబాద్ ట్రైనింగ్ సెంటర్లో నేల మీదే ఉంటాయి. ఆ రెంటికీ పొసగక కడుపులో తిప్పుతుంది. నోరు కడుక్కుని వచ్చి, మల్ల పెట్టు మమతా అంది. నేనైతే ఇంటికి పోయేదాన్ని. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నది మా వదినను చూసే అయ్యుంటుంది.

వచ్చే వారం శుక్రవారం టెస్ట్. పాసైతే చేవెళ్ల రోడ్డు గోడౌన్లో ఉద్యోగం. లేకపోతే మళ్లీ పూల తోటల్లో కూలి.

జూలై 4

హెడ్‌సెట్లో మెల్లగా తిరిగే మలుపు తీసేసి, ఒక్క ఉదుటున తిరిగే స్నాప్ టర్న్ పెట్టాను. సెంటర్లో ల్యాబ్ అసిస్టెంటునై ఉండి ఆ మాత్రం చేయలేనా. కొంచెం నయం. కుర్చీ వేస్తానంటే వద్దంది.

జూలై 6, ఆదివారం

ట్రైనర్ ప్రభాకరన్నను అడిగి ఒక హెడ్‌సెట్ మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్లో మా ఇంటికి తెచ్చాను. వదిన కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, మలుపు రాకముందే తల అటు తిప్పి నడిపింది. వంట టైమ్ అయినా హెడ్‌సెట్ తీయలేదు. సరుకు పేర్చిన ప్యాలెట్ ఒక్కటి పడలేదు. ఆమె మొగుడు, మా భూపాలన్న, నోరు తెరుచుకుని చూశాడు. నేనే నేర్పినంత గర్వంగా ఉంది నాకు.

జూలై 7

సెంటర్లో మళ్లీ నిలబడింది. మళ్లీ కక్కింది.

కోపం ఆగక బాత్రూమ్ దగ్గర నిలదీస్తే అప్పుడు చెప్పింది. ప్రభాకరన్న మాకు పెద్దనాన్న కొడుకు, ఆమెకు బావ; మొగుడి అన్న ముందు కోడళ్లు కుర్చీలో కూర్చోరు మా దగ్గర. బావ ముందట కుర్సీల ఎట్ల కూసుంట, నలుగురు ఏమనుకుంటరు అంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే నీకు బావ కనబడడు కదా అన్నాను. ఆయనకు నేను కనవడ్త గదా అంది.



జూలై 9

టెస్ట్ అప్పుడు ప్రభాకరన్నను జర బయట ఉండమని అడగనా అన్నాను. వద్దంది. టెస్టుకంటే నువ్వు పంపుతవు, రేపు గోడౌన్ల చూసేటోళ్లను రోజూ ఎవరు పంపుతరు అంది.

జూలై 11, మధ్యాహ్నం

పేరు పిలిచారు. వదిన కుర్చీ తనే ఈడ్చుకొచ్చింది. బావా, నిలవడితే నాకు కడుపుల తిప్పుతున్నది, కూసుని నడుపుత అంది. కూసో రేణుకా, దానికేమున్నది అన్నాడు ప్రభాకరన్న. ఆయనకేం, అంత తేలిగ్గా అనేశాడు. ఆ ఒక్క మాట అడగడానికి ఆమెకు వారం పట్టింది. తర్వాత ఆమె చేతులు బండిని ఎంత నెమ్మదిగా తిప్పాయో నేను చూశాను.

పాస్. ఎంత మనిషి మా వదిన.

జూలై 13

ప్రభాకరన్న ఇంటికొచ్చాడు. వదిన చాయ్ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తలకు హెడ్‌సెట్ లేదు.