తలుపేసిన స్టూడియోలో రాజా

మంగళవారం, రాత్రి

గని కావలి తిప్పన్న ఇవాళ తన ముసలి కుక్క రాజాను ఫోటో తీయించడానికి మా స్టూడియోకు తెచ్చాడు.

"ఆడ బ్లాస్టింగ్‌కి ఇది నిలబడదప్పా. తెల్లకుక్క దుమ్ముకు ఎర్రగా పడతాది."

"తలుపేస్తే ఈడ దుమ్మూ లేదు, సద్దూ లేదు" అని గొప్పలు పోయాను. నిజంగానే రాజా దీపాల ముందు బుద్ధిగా కూర్చుంది. ఒక ఫోటో తీశాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? చెవులు నిక్కుతాయని చేతిలోని కాగితం సంచి ఊది పగలగొట్టాను. కుక్క ఉచ్చ పోసుకుని తిప్పన్న కాళ్ల సందున దూరింది. నేనొక్కడినే నవ్వాను.

తిప్పన్న తిట్టలేదు. "ఈడన్నా ఆ సద్దు ఉండదనుకుంటి" అంటూ దాన్ని ఎత్తుకుపోయాడు.

ఇప్పుడే ఫోటో కడిగాను. సంచిలో బిస్కెట్లున్నాయనుకుందేమో, అందులో రాజా నా చేతినే ఆశగా చూస్తోంది.