చౌడు మడి మట్టి అమ్మొద్దు

చిరంజీవి గంగారాంకు గల్ఫ్‌లోని అల్ ఐన్ నుంచి బాపు దీవెనలు. నేను గట్టిగానే ఉన్నాను, మోకాలి వాపు కూడా తగ్గింది.

మన చౌడు మడి పైమట్టిని ఇటుక బట్టీకి అమ్ముతున్నావని మీ అవ్వ ఫోనులో చెప్పింది. అమ్మొద్దు. పైమట్టి పోతే మిగిలేది కింది గట్టి పెంకే. ఇక్కడి ఖర్జూరం తోటలో అదే ఉంది. ఎప్పుడో గాలి తెచ్చిన దుమ్ము సున్నంతో కలిసి బండలాగా బిగిసింది. నీళ్లు కిందికి దిగక మొక్కల వేర్లు కుళ్లాయి. గడ్డపార వేస్తే అది ఎగిరి నా మోకాలికే తగిలింది. మా ముదీర్, అదే తోట మేనేజరు, నవ్వి, "ఖలాస్ బాబా, బుడ్ఢా హోగయా" అన్నాడు. "ముసల్ది నీ జమీన్, నేను గాదు" అని మన మాటలోనే అన్నాను. తడిపి తడిపి పొడిచాను. పెంకు పగిలింది, నిలిచిన నీళ్లు గుటకేసినట్టు దిగాయి. ఆ గుంతలో పెట్టిన మొక్కకు ఇప్పుడు కొత్త మొవ్వ వచ్చింది.

బర్రె ఈనిందా? ఈ కార్డు తెచ్చిన మల్లేశం తిరిగి వచ్చేటప్పుడు మామిడి తొక్కు ఇచ్చి పంపు. తొలకరికి ఆ మడిలో పచ్చిరొట్టకు జీలుగ చల్లు, పూతకు రాగానే కలియదున్ను. పెంకు సంగతి నేను వచ్చి చూస్తాను.

మీ అవ్వను, పిల్లలను అడిగానని చెప్పు. బట్టీ లారీ మన మడి గెట్టు దిగిన రోజే నేను విమానం దిగుతాను.

మీ బాపు, నర్సింగం