నాట్ల పాట వెనక గొంతులు

సాయిలూ, ఈ టేపు దగ్గర కూర్చుని నా మాట విను బిడ్డా. జొన్న గటక ఉట్టి మీద ఉంది, తిను. మాతో నాట్లు వేసిన లస్మవ్వ దినాలకు జుక్కల్ పోతున్నాను.

పాత క్యాసెట్ మీద సినిమా పాటలు ఎక్కించకు. నిన్న నువ్వు గరగర తీసేసి కొత్తదాంట్లోకి ఎక్కించిన నాట్ల పాటలో లస్మవ్వ గొంతు ఖంగుమంది, నిజమే. కానీ వెనక అందుకునే మా ఆరుగురి గొంతులు గరగరతోపాటే పోయాయి. లస్మవ్వ వింటే, “ఏందే, నన్నొక్కదాన్నే మడిల ఇడిసిపెట్టి యాడికి పోయిన్రే?” అని తిట్టేది.

గరగర ఉన్నా సరే, మళ్ళీ ఎక్కించు. ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందులోనైనా అందరం ఉండాలి.

పెంటవ్వ, గంగవ్వ, ఎల్లవ్వ, పోశవ్వ, సాయవ్వ, నేను. ఈ పేర్లు గుర్తుపెట్టుకో. పాట వినిపించినప్పుడల్లా చెప్పు.

— మీ అవ్వ రాజవ్వ