టోల్ మెసేజ్ రాని సాయంత్రం

శుక్రవారం రాత్రి. ఇల్లు కడిగాను. కారు లోపలా బయటా తుడిచాను. మినుములు బాగుచేశాను. ఇస్త్రీ మిగిలింది.

మా ఆయన పొద్దున టోల్ లేని పల్లెదారిన పోయినా, నాయుడుపేట ఫ్యాక్టరీ నుంచి హైవే మీదే వస్తారు; కారు టోల్ గేటు దాటగానే డబ్బు కట్టినట్టు నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అది చూశాకే బియ్యం కడుగుతాను. ఈరోజు చీకటి పడినా రాలేదు. ఆయన ఫోన్ స్విచ్చాఫ్. హైవే మీద ఏమైందోనని నాకు కాలు నిలవలేదు. చివరికి మా ఇంటి గేటు చప్పుడైంది.

"ఏమే, అద్దానికున్న టోల్ స్టిక్కర్ మీద స్వామి రేకుబొమ్మ అంటిచ్చినావా?"

"పొద్దున తుడిచినప్పుడు పెట్టినా. దారిమీద స్వామి చూపు ఉండాలని."

"స్వామికి దారి కనపడతాదిలే. రేకు అడ్డమొచ్చి ఆడుండే మిషనుకే మన స్టిక్కర్ కనపడలా. వెనక బండ్లోళ్లు ఒకటే హారన్లు. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, జేబులో రూపాయి లేదు."

నవ్వుతూనే బొమ్మ తీసి నా చేతిలో పెట్టారు. నాకు నవ్వు రాలేదు. కాపాడాలని పెట్టిన బొమ్మే ఆయన్ని ఆపిందా? ఈ మెసేజ్‌లు లేని రోజుల్లో ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా ఇంత బెదిరేదాన్ని కాదు. ఇప్పుడు మెసేజ్ వస్తే ఎంత ధైర్యమో, రాకపోతే అంత భయం. మంచి ఏర్పాటే, కాదనను. మరి నా మనసెందుకు కుదుటపడదో... బొమ్మను మళ్లీ కారులో ఎక్కడ పెట్టాలో కూడా తోచడం లేదు.

ఆయన తరఫున గేటు దగ్గర డబ్బు కట్టిన వెనక కారాయనకు ఇందాక ఫోన్‌లో పంపించాం. ఆ బాకీ తీరింది.