ఐదో తరగతి గడి

జూన్ 9

ప్రియమైన అక్కకి,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు పని సంగతి. మా విద్యా కార్యాలయానికి ఉన్నట్టుండి డ్రాయింగ్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లెక్కలకీ సైన్సుకీ ఉన్నట్టే బొమ్మలకి కూడా తరగతివారీగా అభ్యసన లక్ష్యాలు ఉండాలట. ఒకటో తరగతి అయ్యేసరికి పిల్లలకి ఏం రావాలి, రెండుకి ఏం రావాలి, అలా ఎనిమిది దాకా. అది రాసే కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. నాకేదో తెలుసని కాదు, నాకు డ్రాయింగ్ టీచరు అక్క ఉందని ఆఫీసంతా తెలుసు కాబట్టి.

కమిటీలో ఒక రిటైరైన శిల్పి, ఇద్దరు హెడ్మాస్టర్లు, ఒక లెక్కల ప్రొఫెసరు ఉన్నారు. ప్రొఫెసరు ఎందుకని నన్నడగకు. మొదటి సమావేశంలో 'గీత' అనాలా 'రేఖ' అనాలా అని మూడు గంటలు కొట్టుకున్నారు. చివరికి 'గీత లేక రేఖ' అని రాయించి టీ తాగి వెళ్ళారు.

నువ్వు నాకు సాయం చెయ్యాలి. దీంతో ఒక పట్టిక పంపుతున్నాను. ఎనిమిది గడులున్నాయి, ఒక్కో గడిలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫోనులో చెప్తే కుదరదు. నువ్వు గంట మాట్లాడతావు, నేను సగం వింటాను. కాగితం మీదుంటే ఫైల్లో పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. వచ్చే ఏడాది నువ్వు రిటైరవుతున్నావు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే గదిలో పాఠం చెప్పిన మనిషివి, నువ్వు వెళ్ళిపోయాక ఆ గదిలో నీ గుర్తేం ఉంటుంది? ఈ పుస్తకంలో నీ మాట ఉంటే అన్ని బడుల్లోనూ ఉన్నట్టే. నాకు కావలసింది అదే. మిగతాదంతా ఆఫీసు పని.

మేం బాగున్నాం. బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

జూన్ 28

ప్రియమైన ఆఫీసరు తమ్ముడికి,

నీ పట్టిక చూసి మీ బావగారు "ఎనిమిదేళ్ళ చదువుని ఎనిమిది వాక్యాల్లో ఇరికించమన్నాడా, మీవాడు గట్టివాడే" అన్నారు. నేను పదిరోజులు దాన్ని సంచీలో వేసుకుని బడికీ ఇంటికీ తిప్పాను. ఇవాళ పిల్లలు వెళ్ళిపోయాక డ్రాయింగ్ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ రెండు కొళాయిల్లో ఒకటే పనిచేస్తోంది. కుంచెలు కడగడానికి నలభై మంది దానిమీదే పడతారు, అందుకని నేల ఎప్పుడూ తడే.

ఒకటో తరగతికి: భయపడకుండా కాగితం నిండా గీయాలి. చాలామంది ఒక మూల చీమంత బొమ్మ వేసి ఆపేస్తారు. రెండుకి: డబ్బాలో లేని రంగుని కలిపి తెచ్చుకోవాలి. మూడుకి: తన బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాలుగుకి: పక్కవాళ్ళ బొమ్మ చూసి నవ్వకుండా మాట్లాడాలి. ఇది కూడా ఒక లక్ష్యమేనా అని మీ ప్రొఫెసరు అడిగితే, మీ సమావేశాలకీ పనికొస్తుందని చెప్పు. ఆరుకి వెలుగూ నీడా. ఏడుకి ఒకే వస్తువుని మూడు రకాలుగా గీయడం. ఎనిమిదికి, మొదలుపెట్టిన పనిని నెల్లాళ్ళు వదలకుండా పూర్తి చెయ్యడం. ఇది పెద్దవాళ్ళకే రాదు, అయినా రాసుకో.

ఐదో తరగతి గడి ఖాళీగా వదిలేశాను. ఎన్నిసార్లు కలం పట్టుకున్నా అక్కడ ఏం రాయాలో తోచలేదు. అది నువ్వే చూసుకో.

నా గుర్తు గురించి బెంగపెట్టుకోకు. ఆ సింకు మీద మరకలు నా తరవాత ఇంకో ముగ్గురు టీచర్లు వచ్చినా పోవు.

నీ అక్క

*

ఆగస్టు 2

ప్రియమైన అక్కా,

నీ ఏడు వాక్యాలూ దాదాపు నువ్వు రాసినట్టే నిలిచాయి. నాలుగో తరగతిది చదివినప్పుడు అందరూ ప్రొఫెసరు వైపు చూశారు, ఆయన మాత్రం దించిన తల ఎత్తకుండా నోట్సు రాసుకున్నారు.

ఐదో గడి ఖాళీ పెట్టడం నీ మొహమాటమని నాకు తెలుసు. అక్కడ నీ మాటే పెట్టాను: 'చూసిన వస్తువును చూసినట్టుగా, సరిగ్గా గీయగలగాలి.' చిన్నప్పుడు నా పక్కన కూర్చుని "సరిగ్గా చూడు, సరిగ్గా గీయి" అని ఎన్ని వందలసార్లు అనుంటావు. ఆ 'సరిగ్గా' నీది, ఇంకెవరిదీ కాదు.

శిల్పిగారు అడ్డుపడ్డారు. "పదేళ్ళ పిల్లలకి సరిగ్గా అనే మాట దేనికండీ? ఎవరి కంటికి సరిగ్గా?" అన్నారు. ఆయనది మెత్తని గొంతు, కానీ పట్టు వదలలేదు. రెండు సమావేశాలు దానికే పోయాయి. చివరికి నా కథ చెప్పాను. నాకు పదేళ్ళప్పుడు మా అక్క టీచరు శిక్షణలో ఉంది, ఇలాగే నేర్పింది, ఆ ఏడాది పిల్లల బొమ్మల పోటీలో నా బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది అన్నాను. ప్రొఫెసరు బల్ల మీద చరిచి "ఇంకేం కావాలి, సాక్ష్యం ఎదురుగానే కూర్చునుంది" అన్నారు. శిల్పిగారు నన్ను ఒక్కసారి చూసి సంతకం పెట్టారు.

ముసాయిదా ఇరవయ్యో తారీకున అచ్చుకి వెళ్తుంది. మార్పులేమైనా ఉంటే ఆలోగా రాయి. నువ్వు సరే అంటే నాకు ఇంకెవరి మాటా అక్కర్లేదు.

నీ తమ్ముడు

*

ఆగస్టు 16

ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం అందింది. బాగుంది. మార్పులేమీ లేవు. నా మాట కోసం నువ్వు అంత పోట్లాడావంటే చాలా సంతోషంగా ఉంది.

ఇక్కడ వానలు. పని ఎక్కువగా ఉంది, అందుకే పొట్టిగా రాస్తున్నాను.

నీ అక్క

*

డిసెంబరు 11

ప్రియమైన తమ్ముడా,

నీ పుస్తకం వచ్చి నెలన్నర అయింది. దాంతోపాటు ఒక రిజిస్టరు కూడా పంపారు. ప్రతి పిల్లకీ ప్రతి లక్ష్యానికీ ఎదురుగా 'సాధించింది', 'సాధించలేదు' అనే వాటిలో ఒకదానికి టిక్కు కొట్టాలి. మధ్యలో ఇంకేమీ రాయడానికి చోటు లేదు.

ఐదో తరగతిలో ఒక దర్జీ గారి అమ్మాయి ఉంది. పోయిన నెల బల్ల మీద టీ కెటిలూ రెండు నిమ్మకాయలూ పెట్టి గీయమన్నాను. నిమ్మకాయల్లో ఒకటి ఆ పిల్ల కూర్చున్న చోటికి కెటిల్ వెనకాల దాక్కుంది. అయినా గీసింది. కెటిల్ లోపల నీళ్ళు ఎందాకా ఉన్నాయో అదీ గీసింది. "కనపడట్లేదు కదమ్మా" అంటే, "ఉన్నాయి కదా టీచర్" అంది. అంత నిండైన బొమ్మ ఈ ఏడు నేను చూడలేదు. రిజిస్టరు ఎలా నింపుతున్నామో చూడ్డానికి మీ ఆఫీసు నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు నా పక్కనే నిలబడి ఉంది. మంచి మనిషే, తన పని తను చేస్తోంది. వేలితో ఐదో లక్ష్యం చూపించింది. నా చేత్తోనే 'సాధించలేదు' అని టిక్కు కొట్టాను.

ఆ తరవాత వారం ఆ పిల్ల స్కేలు తెచ్చుకుంది. ఇప్పుడు ఒక గీత గీస్తుంది, కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తుంది, "సరిగ్గా ఉందా టీచర్" అని అడుగుతుంది. ఉందంటే వెళ్ళి ఇంకో గీత గీసి మళ్ళీ వస్తుంది. నిన్న ఒక్క పీరియడులో పదకొండుసార్లు వచ్చింది. కాగితం మీద పదకొండు గీతలున్నాయి, బొమ్మ లేదు.

ఇప్పుడు రాయబోయేది నేను ఆగస్టులోనే రాయాల్సింది. నిజానికి ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట చెప్పాల్సింది.

పోటీకి నువ్వు నాన్న వాచీల కొట్టు గీశావు. గోడ నిండా గడియారాలు, ఒక్కోదానిలో ఒక్కో టైము. నాన్న ఒక కంటికి భూతద్దం పెట్టుకుని ఉంటే, ఆ కన్ను మొహంలో సగం వేశావు. రెండో కన్ను చుక్కంత. పోస్టు చెయ్యమని నాకిచ్చి ఆడుకోవడానికి వెళ్ళావు. నాకు పంతొమ్మిదేళ్ళు. శిక్షణలో మొహం కొలతలు నేర్పిస్తున్నారు, అప్పుడే నాకంతా తెలుసనుకుంటున్నాను. ఇలాంటిది పంపితే నవ్వుతారనిపించింది. నీ క్రేయాన్లతోనే కొత్త కాగితం మీద నేను గీశాను. కళ్ళు రెండూ సమానంగా, గడియారాలన్నిటిలో ఒకటే టైము. నీ పేరు రాసి అదే పంపాను. నీది చింపేశాను.

బహుమతి వచ్చింది నాకు, తమ్ముడూ. నీకు కాదు. ఆ ఏడాదే నువ్వు బొమ్మలు మానేసి లెక్కల్లో పడ్డావు. వయసుతో పాటు ఇష్టాలు మారతాయి అనుకున్నాను. అనుకోవడానికి ప్రయత్నించాను. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళకి 'సరిగ్గా' అనే మాట నా గదిలో అనడం మానేశాను. ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు. ఐదో తరగతి అంటే పదేళ్ళు. ఆ గడి దగ్గర నా చెయ్యి అందుకే ఆగిపోయింది.

ఆగస్టులో నీ ఉత్తరం చదివినప్పుడే ఆపాల్సింది. ఆపాలంటే ఇదంతా చెప్పాలి. నాకోసం అంత పోట్లాడి, ఆ బహుమతినే అడ్డుపెట్టి గెలిచినవాడితో, అది నీది కాదురా అని ఎలా అనను? నువ్వు జీవితమంతా దాచుకున్న ఒక్క మంచి జ్ఞాపకం పాడుచెయ్యలేకపోయాను. అలా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, నీ ముందు చిన్నదాన్ని కాలేకపోయాను.

నన్ను తిట్టు. కానీ ఏడాది చివర రిజిస్టర్లు పైకి వెళ్ళేలోగా ఆ ఒక్క మాట తీయించు. ఆ పిల్ల పేరు ఎదురుగా నేను కొట్టిన టిక్కు ఉండిపోకూడదు.

నీ అక్క

*

జనవరి 6

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. నీ మరదలు చూసి "మీ అక్కయ్యకి ఉత్తరం రాయడానికి కూడా కమిటీ వెయ్యాలా" అంది. నవ్వడానికి ప్రయత్నించాను.

నాకు తెలుసు అక్కా. అప్పటినుంచే తెలుసు.

బహుమతులిచ్చిన రోజు బొమ్మలన్నీ హాల్లో గోడకి పెట్టారు, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు వాకిట్లో నీ స్నేహితురాళ్ళతో మాట్లాడుతున్నావు. నాన్న నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి నా పేరున్న బొమ్మ ముందు నిలబెట్టాడు. అది నాది కాదని ఒక్క చూపులో తెలిసిపోయింది. నాన్న చాలాసేపు చూసి, "నన్ను ఎంత బాగా వేశావురా" అన్నాడు. నాన్న నన్ను మెచ్చుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. బయటికొస్తే నువ్వు సంతోషంతో ఏడుస్తున్నావు. ఇంట్లో అందరూ అంత సంతోషంగా ఉంటే నేనేం చెప్పను. చెప్పలేదు. మళ్ళీ గీస్తే తేడా తెలిసిపోతుందని గీయడం కూడా మానేశాను. లెక్కల మీద ఇష్టం తరవాత తెచ్చిపెట్టుకున్నదే.

నీమీద కోపం ఉండేది. ఒక పదేళ్ళు ఉంది. తరవాత పోయింది, ఎప్పుడు పోయిందో చెప్పలేను.

ఇక 'సరిగ్గా' సంగతి. ఆ మాట మీద నాకు నమ్మకం ఎప్పుడూ లేదు. ఆ మాట నన్నేం చేసిందో నాకు తెలీదా? నీకు ఉందనుకున్నాను. నీ జీవితమంతా దానిమీదే నడిచిందనుకున్నాను. రిటైరయ్యేముందు నీకు ఏదో ఒకటి ఇవ్వాలని, నాకు నచ్చని మాటని, నాది కాని బహుమతి సాక్ష్యంగా చూపించి, అది వద్దని నిజంగా నమ్మిన శిల్పిగారిని ఓడించి మరీ పుస్తకంలోకి ఎక్కించాను. నువ్వేమో నేను నొచ్చుకుంటానని ఊరుకున్నావు. మనిద్దరికీ అక్కర్లేని మాట, ఒకరి కోసం ఒకరం, ఇన్ని వేల మంది పిల్లల నెత్తిన పెట్టాం.

పోయిన వారం శిల్పిగారింటికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన తడి మట్టి చేతులతోనే కూర్చోమన్నారు. "నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అన్నారు. "బహుమతి గురించి పావుగంట చెప్పారు గానీ, ఆ బొమ్మలో ఏముందో ఒక్క ముక్క చెప్పలేదు మీరు." మళ్ళీ మట్టి పిసకడంలో పడ్డారు. తిట్టి ఉంటే బాగుండేది.

పై అధికారిని కూడా అడిగాను. పుస్తకాలు అన్ని బడులకీ చేరిపోయాయి. మళ్ళీ సవరణ ఐదేళ్ళకి. కార్యదర్శికి మనసు మారితే లక్ష్యాలు మారవన్నారు. కమిటీని మళ్ళీ పిలవాలంటే, పాఠం చెప్పే టీచర్ల నుంచి అభ్యంతరం రావాలట, అదీ ఈ పుస్తకం మీద టీచర్లకి పెడుతున్న శిక్షణ సభలో అందరి ముందూ లేచి చెప్పి, మినిట్సులోకి ఎక్కాలట. ఇంతవరకు జరిగిన ఎనిమిది సభల్లో ఒక్కరూ లేవలేదు. ఆఫీసు వాళ్ళు చెప్పేదానికి ఎవరు మాత్రం లేస్తారు.

మీ ప్రాంతం సభ వచ్చే సోమవారం. మూడు వందల మంది టీచర్లు వస్తున్నారు. సీనియారిటీ ప్రకారం కూర్చోబెడతారు కాబట్టి నువ్వు ముందు వరసలో ఉంటావు. ఐదో తరగతి లక్ష్యం వివరించాల్సింది నేనే. నువ్వు లేచి ఇది తప్పు అంటే, ఎందుకు తప్పో చెప్పమని అడుగుతారు. అప్పుడు వాచీల కొట్టు సంగతి మనిద్దరిలో ఒకరం చెప్పక తప్పదు. నువ్వు లేస్తే నేను చెప్తాను, నీ పేరూ నా పేరూ కలిపి. నువ్వు లేవకపోతే నేను ఆ పేజీ చదివేసి తరవాతి పేజీకి వెళ్ళిపోతాను అక్కా. ముందుగా నోరు తెరిచే ధైర్యం ఆ రోజు హాల్లో నాన్న పక్కన నాకు లేదు, ఇప్పుడూ లేదు.

నీ తమ్ముడు