చర్చి తలుపు అవతలి ఒడ్డున

విలియమ్స్‌బర్గ్, వర్జీనియా
మార్చి 1752

ప్రియమైన కెటూరక్కా,

మన రేవుకి బల్లకట్టు ఇప్పించమని మనూళ్ళోవాళ్ళు రాసి నాతో పంపిన అర్జీ చట్టసభలో చదివారు! బావని ఏరు మింగిన సంగతి వచ్చినప్పుడు కొందరు తల దించుకున్నారు. ఎవరూ కాదనలేదు. "కమిటీకి పంపండి" అన్నాడు స్పీకరు. చట్టమైపోయిందనుకుని గెంతులేశాను. సత్రం ఆయన పగలబడి నవ్వాడు. "ఒరే అబ్బాయ్, సభలో ఉండేది మాటలే. ముడి వేసేదీ విప్పేదీ కమిటీ గదిలో!"

సత్రంలో ఒకే మంచమ్మీద నాతో ఇద్దరు పడుకుంటారు. ఒక్కడూ నా పేరడగలేదు.

బడి ఎగ్గొడితే వాతలు పెట్టి అక్షరాలు నేర్పావు, అవే ఇవి.
నీ జేబెజ్

*

నాయనా జేబెజ్,

ఉప్పు అమ్మేవాడు నీ ఉత్తరం తెచ్చాడు. ఏరు పొంగింది. రోజంతా మాట్లాడ్డానికి ఆవు తప్ప ఎవరూ లేరు. అదీ నీలాంటిదే, చెప్పింది వినదు.

మీ బావ శవం అవతలి ఒడ్డున తేలిందని అక్కడే చర్చి పక్కన పాతిపెట్టారు కదా. ఇంతవరకూ ఆ మట్టిమీద చెయ్యి వెయ్యలేకపోయాను. చర్చి గంట మాత్రం ఇక్కడిదాకా వినిపిస్తుంది.

కమిటీవాళ్ళ ముందు నోరు జాగ్రత్త.
కెటూరా

*

అక్కా,

నోరు జారింది. నిన్న కమిటీ పిలిచింది.

"బల్లకట్టు అడుగుతున్నట్టు మీ చర్చి తలుపుకి కాగితం కొట్టారా? రెండు ఆదివారాలు ఉండాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవాలిగా" అన్నాడు పెద్దాయన.

"అయ్యా, చర్చి ఏటికి అవతల ఉంది."

"అయితే దాటి వెళ్ళి కొట్టు."

"దాటగలిగితే మీ గుమ్మం ఎందుకెక్కుతాను దొరా?"

గదంతా గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాగితం రెండు ఆదివారాలు ఉందని సభ ముగిసేలోగా పాదిరిగారి సంతకం కావాలట. నేను కదిలితే పిలిచినప్పుడు పలికేవాడు లేక అర్జీ పడిపోతుంది. మనూరి నుంచి ఎవరైనా దూరాన బల్లకట్టు ఉన్న దిగువ రేవు చుట్టూ తిరిగి చర్చికి వెళ్ళేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. ఇంకేముంది, ఈ ఏడాదికి బల్లకట్టు లేనట్టే. ఊరికే వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడుతున్నాను.

నువ్వు మాత్రం ఏటి వైపు చూడకు.
జేబెజ్

*

పాదిరిగారి ఇల్లు
ఏప్రిల్

నాయనా జేబెజ్,

చూడొద్దన్నావు. చూశాను. ఆవుని పొరుగింట్లో కట్టేసి మీ బావ పాత దోనె తీశాను. సగం దూరం దేవుణ్ణి తలుచుకున్నాను, మిగతా సగం నిన్ను తిట్టుకున్నాను. ఒడ్డు రాయికి కొట్టుకుని దోనె చీలిపోయింది. నేను మిగిలాను.

"సుత్తి ఇలా ఇవ్వమ్మా" అన్నారు పాదిరిగారు, నేను చర్చి తలుపుకి కాగితం కొడుతుంటే. "మేకు సగం దిగింది, ఉండండి" అన్నాను.

రెండు ఆదివారాలూ అయ్యాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన సంతకం దీంతోపాటు ఆయన గుర్రపు మనిషే తెస్తున్నాడు.

దిగువ రేవు చుట్టూ తిరిగి ఇంటికి పోవచ్చు. పోను. మన రేవులోనే, బల్లకట్టు మీదే దాటతాను.

సాయంత్రాలు మీ బావ దగ్గర కూర్చుంటున్నాను. అక్కణ్ణుంచి మన ఇల్లు కనిపిస్తుంది. పొయ్యి పొగ లేదు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇక్కడ మీ బావా అంతే.

కెటూరా

*

అక్కా,

పెద్దాయన సంతకం చూశాడు. "కాగితం ఎవరు కొట్టారు?"

"మా అక్క."

"ఏరెలా దాటింది?"

చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. 'అర్జీ న్యాయమైనదే' అని రాసి సభకి పంపారు. సభ ఆ కమిటీనే చట్టం రాయమంది. ఇవాళ గవర్నరు సంతకం కూడా పడింది, చట్టమైపోయింది.

బయల్దేరుతున్నాను, నీ దగ్గరకి కాదు, ఇంటికి. బల్లకట్టుకి మానులు కొట్టాలి. అది తేలేదాకా రోజూ పొద్దునా సాయంత్రం పొయ్యి వెలిగిస్తాను. నాకు వంట రాదనుకో. పచ్చికట్టెలు వేస్తాను, పొగ బాగా లేస్తుంది.

బావ పక్కన కూర్చుని చూడు.

ఇవతలి ఒడ్డుకి చేరబోతున్న,
నీ జేబెజ్