గుండె గోలీ

విమాన ప్రయాణికుల ఫిర్యాదులు చూచు అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విమానంలో నా భార్యకు గుండెనొప్పి రాగా నన్ను గూండాగా పట్టుకొనిన సంగతి, నా మీది ప్రయాణ నిషేధం ఎత్తివేత గురించి.

జగదల్‌పూర్‌లో బట్టల దుకాణం నడుపుకొను పుల్లయ్య అను నేను మనవి చేయునది: ఈ అర్జీ హిందీలో రాయగలను. కావాలనే తెలుగులో రాస్తున్నాను. చదివించుకొనుటకు తెలుగు వచ్చిన మనిషిని తమరే వెతుక్కోవలెను. ఆ రోజు ఆ పని చేసి ఉంటే నాకీ రాత ఉండేది కాదు.

1. రాయ్‌పూర్‌లో నా భార్య రామసుబ్బమ్మకు గుండె పరీక్షలు చేయించి విమానంలో తిరిగి వచ్చుచుంటిమి. పక్కపక్క సీట్లు అడిగితే ఇవ్వలేదు. ఆమెను ముందు, నన్ను బాగా వెనుక కూర్చోబెట్టిరి. చీరకు జేబుండదు గనుక, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకొను మాత్ర నా చొక్కా జేబులోనే ఉన్నది.

2. దారిలో ఆమెకు నొప్పి వచ్చినది. రొమ్ము పట్టుకొని, వెనక్కి నా వైపు వేలు చూపి "గుండె! గుండె!" అని అరిచినది. హిందీలో గుండే అంటే రౌడీలు. సిబ్బందికి అదే వినిపించినది. సరిగ్గా అప్పుడే నేను లేచి ఆమె వైపు పరుగెత్తితిని. ఇంకేం, గూండా దొరికాడు!

3. ఇద్దరు నన్ను సీటులో అదిమి పట్టిరి. "అరే, గుండె కా గోలీ మేరే జేబ్ మే హై!" అని మొత్తుకున్నాను. మా దుకాణాల్లో అందరం ఇట్లాగే రెండు భాషలు కలిపి మాట్లాడుకుంటాం. గోలీ అంటే మాత్ర అయ్యా, మాత్ర! వారికి తుపాకీ తూటా అనిపించినది. పైగా నక్సలైట్ల పేరు మోసిన బస్తర్ వాడిని! నా చేతిని జేబు దగ్గరకు కూడా పోనివ్వలేదు.

4. డాక్టరు ఎవరైనా ఉన్నారా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరూ కదలవద్దని మాత్రం మైకులో చెప్పిరి. నా కళ్లముందే ఆమె తల వాలిపోయింది. తమ ఇంటివారికి ఇట్లా అయితే తమరు కదలకుండా కూర్చుంటారా? చివరకు శిల్ప అను తెలుగు అమ్మాయి చెవుల్లోని పాటలు పీకేసి, "గుండా నహీ, దిల్! దిల్ కీ దవా!" అని, అది గుండె మందని వారికి హిందీలో అరిచి చెప్పి, నా జేబులోని మాత్ర తీసి ఆమె నోట్లో పెట్టినది.

5. దిగగానే తుపాకుల వారు ముందు వచ్చిరి, స్ట్రెచర్ తరువాత వచ్చినది. ఆలస్యం వల్ల గుండె దెబ్బతిన్నదట. రాయ్‌పూర్‌లో ఆపరేషన్ చేయించాలి. బస్సులో పోతే దారిలోని కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు కుదుపులకు ఆమె తట్టుకోలేదు, విమానంలోనే తీసుకుపొమ్మని డాక్టరు గారన్నారు. నాకేమో "అనుచిత ప్రవర్తన" కింద విమానం ఎక్కరాదని ఉత్తర్వు. సిగ్గుండాలి!

కావున నిషేధం వెంటనే రద్దు చేయవలెను. చిత్తగించవలెను; తీరిక లేకున్నా చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ కాగితాల్లో గూండా,
పుల్లయ్య

తాజా కలం: ఇదంతా చదివి వినిపిస్తే రామసుబ్బమ్మ అన్నది: "తిట్లు సరే, అసలుది రాయవేంది? నువ్వు పక్కన లేకుంటే నేను ఎక్క. సచ్చినా ఎక్క." ఆమె మొండిది అయ్యా, అన్నంత పనీ చేస్తుంది. నాకు భయంగా ఉంది. కోపంలో రాసిన మాటలకు ఏ శిక్షయినా వేసుకోండి. బేడీలు వేసైనా సరే, నన్ను ఆమె పక్క సీట్లో కూర్చోబెట్టండి.